లాకు గుమాస్తా నేపాళ యాత్ర

మొన్న నిడదవోలు నుంచి పడవలో ఊరికి వస్తున్నాను. మా లాకులో పడవ ఆగవలసినంతసేపే ఆగింది. వెనక తలుపులు మూశారు, నీళ్ళు నిండాయి, ముందు తలుపులు తెరిచారు, పడవ సాగింది. ఏ లాకులోనైనా పడవ అలాగే కదలాలి. కానీ ఆ లాకు సంగతి నాకు బాగా తెలుసు కనక సరంగు వైపు తిరిగి, "ఏంటోయ్, ఇవాళ ఇంత తొందరగా వదిలేశారు?" అన్నాను.

"కొత్త గుమాస్తాగారండి. పాతాయన పోయారు కదండీ, మీకు తెలీదాండీ? జొరం వచ్చిందండి, వారం తిరక్కుండా పోయారండి. మంచాయనేనండి పాపం. ఆలీసం చేసేవారు గాని ఎవర్నీ ఒక్కమాట అనేవారు కాదండి" అన్నాడు సరంగు.

నాకు తెలీదు. నన్ను నిడదవోలు బడికి మార్చాక ఆ దారిన రావడమే తగ్గింది. వచ్చినా గట్టు వైపు చూసేవాణ్ణి కాదు. "అలాగా" అని ఊరుకున్నాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. పోయిన మనిషి మీద కోపమేమిటని మీరనవచ్చు. ముందు వాడెలాంటివాడో చెబుతాను, తరవాత అనండి.

వాడూ నేనూ ఒకే వీధి అరుగుల మీద పెరిగాం. వాడు కరణాలవారి పిల్లవాడు. మా నాన్న క్రీస్తు మతం పుచ్చుకున్నాక ఊళ్ళో చాలామంది మా గుమ్మం తొక్కడం మానేశారు. వాడు మానలేదు. అలాగని లోపలికీ వచ్చేవాడు కాదు. అరుగు మీద కూచుని, మా అమ్మ మంచినీళ్ళు తేబోతే, "నీళ్ళొద్దు గాని అరటిపండు పెట్టు పిన్నీ. తొక్క ఉందిగా, మైల లోపలికి దిగదు" అనేవాడు. ఆ మాట మరొకరంటే మా అమ్మ నొచ్చుకునేదే. వాడంటే మాత్రం నవ్వేది. వాడికోసమని వసారా దూలానికి ఎప్పుడూ ఒక అరటిపళ్ళ అత్తం వేలాడదీసి ఉంచేది.

పెద్దయ్యాక నేను మిషను బడిలో మేష్టరునయ్యాను, వాడు కాలువ మీద లాకు గుమాస్తా అయ్యాడు. పల్లపు నీటిలోంచి మెరక నీటిలోకి పడవ ఎక్కాలంటే దాన్ని రెండు జతల తలుపుల మధ్య నిలిపి, నీళ్ళు సమం అయ్యేదాకా ఆపాలి. ఆ కాసేపు పడవలోని వాళ్ళంతా గట్టెక్కి నడుములు చాపుకుంటారు. ఆ కాసేపూ వాడి రాజ్యం. తమలపాకుల సంచి భుజాన వేసుకుని దిగేవాడు. షావుకార్లనీ పెళ్ళివారినీ పలకరించేవాడు కాదు. పడవ గూట్లోకి వంగి, కాషాయమో జడలో కనబడతాయేమోనని వెతికేవాడు. బైరాగి దొరికాడా, ఇక ఆ పడవకి మోక్షం లేదు.

"మహరాజ్, కహాసే ఆయా?" అని, ఎక్కడి నుంచి రాకో అడుగుతూ మొదలెట్టేవాడు. వాడి హిందుస్తానీ విని బైరాగులు నవ్వేవారు. నవ్వినా జవాబు చెప్పేవారు, ఎందుకంటే ఆకూ వక్కా పళ్ళూ ముందే చేతిలో పడేవి. కాశీ అంటే వాడికి లెక్కలేదు. "కాశీ మా మేనత్త కూడా వెళ్ళొచ్చింది" అనేవాడు. వాడికి కావలసింది నేపాళం. కొండల నడుమ గిన్నెలాంటి లోయలో ఉన్న ఖాట్మండు పట్నం, అక్కడి పశుపతినాథుడు. ఎవరైనా ఖాట్మండు చూశామన్నారంటే వాడి ఎడమ కన్ను దానంతటదే మూసుకుపోయేది. చటుక్కున గొంతుక్కూచుని, లాకు గట్టు రాతిని పైపంచెతో తుడిచి, వేలు నీళ్ళలో ముంచి గీతలు గీసేవాడు. ఇది నది. ఇది గుడి. ఇది రాజుగారి కోట, కోట వాకిట గొడుగు కింద హనుమంతుడు. కోట నుంచి గుడికి ఎడమచేతి వైపా, కుడిచేతి వైపా? ఎండకి గీతలు ఆరిపోతుంటే మళ్ళీ వేలు ముంచేవాడు.

"వదలండి బాబూ, పొద్దెక్కిపోతందండి!" అని సరంగులు మొత్తుకునేవారు.

"నీళ్ళింకా సమం కాలేదోయ్" అనేవాడు తలెత్తకుండా. నీళ్ళు ఎప్పుడో సమం అయ్యేవి.

ఒకసారి నేనూ అడిగాను, ఊరు చూడకముందే ఊరంతా నేర్చుకోవడం దేనికని. "ఆ రాజు పరాయివాళ్ళని రానివ్వడురా. శివరాత్రికి మాత్రం యాత్రికులకి దారి వదులుతాడు. పండగైన వెంటనే మళ్ళీ బయటికి పొమ్మంటాడు. మనకి దొరికేవి గుప్పెడు రోజులు. అందులో దారి అడుక్కుంటూ ఒక పూట తిరిగామంటే ఆ పూట పోయినట్టే కదా?" అన్నాడు. మరి ఎప్పుడు ప్రయాణమంటే గోదావరి వైపు చూపించేవాడు. అప్పుడు కొవ్వూరు దగ్గర రైలు వంతెన కడుతున్నారు. వంతెన పూర్తయితే మా గట్టు మీదే రైలెక్కి కలకత్తాలో దిగవచ్చు. "వాళ్ళు స్తంభాలు లేపేలోపు మనం తయారవ్వాలి" అనేవాడు, ఆ దొరలు తనకోసమే కడుతున్నట్టు.

తయారవడమంటే మాటలు కాదు. మార్గశిరంలో తెల్లవారుతూనే గోదావరిలో మునిగి, తడిపంచెతో ఇసుకతిన్నె మీద నిలబడాలి. చలికి అలవాటు పడాలిట. నా పళ్ళు టకటకలాడుతుంటే, "ఇదేం చూశావు, అక్కడ ఉమ్మితే గడ్డ కడుతుందిట" అని ఉత్సాహపరిచేవాడు. వైశాఖంలో గొంగళి కప్పుకుని, నెత్తిన మూట పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం కాలువ గట్టు మీద నడిచేవాడు. బరువు అలవాటవ్వాలిట. గేదెలు కాసేవాళ్ళు వాణ్ణి చూసి దారి తప్పుకునేవారు. అటుకులు ఏ నెలలో దంచినవైతే పురుగు పట్టవో, ఆవకాయ జాడీ రైలు కుదుపులకి ఆగుతుందో లేదో, ఇవన్నీ వాడు మా అమ్మతో గంటలకొద్దీ చర్చించేవాడు. మా అమ్మ ఓపిగ్గా జవాబు చెప్పేది. ఆవిడ ఓపికకి వేరే కారణం ఉంది.

మా నాన్న మతం మారినప్పుడు నేను చిన్నవాణ్ణి, ఏం జరుగుతోందో తెలియలేదు. మా అన్నకి తెలిసే వయసు. వాడు ఒప్పుకోలేదు. నాన్నతో దెబ్బలాడాడు, అన్నం తినడం మానేశాడు. ఆ ఏటి పుష్కరాలకి వచ్చిన బైరాగుల వెంట వెళ్ళిపోయాడు. మా నాన్న వాడి పేరెత్తనివ్వకుండానే కాలం చేశాడు. మా అమ్మ ఆదివారం గుళ్ళో అందరికంటే ముందు కూచునేది. రాత్రి ప్రార్థనలో మాత్రం పెద్దవాడి పేరు మొదట చెప్పి, నా పేరు తరవాత చెప్పేది. నాకందులో కష్టమనిపించలేదు.

ఒకరోజు మధ్యాహ్నం వాడు లాకు వదిలేసి, చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. అరుగు మీద కూలబడి, "పిన్నీ, పెద్దాడి కనుబొమ మీద గాటుండేది, కుడివైపేనా?" అన్నాడు.

మా అమ్మ చేతిలో చేట కింద పెట్టింది. "కుడివైపే. దూలం తగిలింది. ఏం?"

"ఇవాళ ఒక బైరాగి వచ్చాడు. పశుపతి గుడి పక్క మఠంలో తెలుగు సాధువొకడున్నాడుట. గోదావరి గట్టువాడినని చెప్పుకుంటాడుట. కనుబొమ మీద గాటు."

మా అమ్మ ఏడవలేదు, దేవుడికి స్తోత్రమూ చెప్పలేదు. "ఏ మతంలో ఉంటే ఏం గాని నాయనా, అన్నం తింటున్నాడో లేదో కనుక్కోగలరా?" అంది. అన్నం మానేసి వెళ్ళిన కొడుకు ఆవిడ మనసులో ఇన్నేళ్ళూ అలా పస్తునే ఉన్నాడని నాకప్పుడు తెలిసింది.

ఆ రోజు నుంచి నేపాళ యాత్ర వాడిది కాదు, నాది. మా అమ్మ చూపు మందగిస్తోంది, మనిషి తగ్గిపోతోంది. ఆవిడ ఉండగా వెళ్ళి రావాలి. చిక్కల్లా ఒకటే. ఆ రాజ్యంలోకి కిరస్తానీలని అడుగు పెట్టనివ్వరు.

"నీ మొహాన రాసుందా కిరస్తానీవని?" అన్నాడు వాడు.

"అడిగితే?"

"నిన్నెందుకడుగుతారురా? యాత్రికులు గుంపుగా, పరస కట్టి వెళతారు. పరసకి ఒక పెద్ద ఉంటాడు. ఏమడిగినా పెద్దనే అడుగుతారు. ఆ పెద్దని నేనే. వీళ్ళంతా మా వాళ్ళేనంటాను, అయిపోతుంది. నాకొదిలెయ్."

వాడికొదిలేశాను. మా పాస్టరుగారికి మాత్రం దాచకుండా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నుదుట విబూది పెడతావన్నమాట" అన్నారు. "మా అమ్మ కోసం పెడతానండి" అన్నాను. నేను తిరిగొచ్చాక ఆయన చాలా నెలలు నన్ను, గుళ్ళో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారపు బల్ల దగ్గరికి రానివ్వలేదు. అలా జరుగుతుందని తెలిసే వెళ్ళాను.

వంతెన మీద రైళ్ళు మొదలైన మరుసటి మాఘంలో బయలుదేరాం. మాతో నిడదవోలు నుంచి ఒక ముసలి దంపతులు కూడా వచ్చారు. రైల్లో వాడు నాకు సంధ్యావందనంలో నాలుగు మాటలు నేర్పాడు. గోత్రం అడిగితే ఏం చెప్పాలో నేర్పాడు. కలకత్తా దాటాక నుదుట విబూది వాడే పెట్టాడు, తన బొటనవేలితో, ఎంతో జాగ్రత్తగా. "బాగుందిరా, అచ్చు మీ అన్నలా ఉన్నావు" అన్నాడు. అప్పుడు వాడి మీద నాకు కలిగిన ప్రేమ ఇప్పుడు తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది.

రైలు దారి అయిపోయిన చోట నుంచి నడక. అడవి మొదలవబోయే చోట పాకలో నేపాళ రాజు సరిహద్దు చౌకీ ఉంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం పరసలు పరసలుగా నిలబడ్డారు. పరస పెద్ద ఒక్కడూ ముందుకి వెళ్ళాలి. అక్కడ ఒక ముసలాయన అతని చేతిలో గంగ నిండిన రాగిచెంబు పెడతాడు, అందులో తులసిదళం ఉంటుంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని, నా పరసలో అందరూ హిందువులేనని చెప్పాలి. చెబితే పొమ్మంటారు. అంతే. మా ముందువాళ్ళు ఒక్కొక్కరే చెప్పి వెళ్ళిపోతున్నారు.

మా వంతు వచ్చింది. వాడు చెంబు పట్టుకున్నాడు. ముసలాయన అడిగాడు. రెండోసారి అడిగాడు. వాడి ఎడమ కన్ను మూసుకుపోయింది. అప్పుడు నా వైపు తిరిగి, నన్ను చూడకుండా, నా పాదాలకేసి చూస్తూ, "ఇతను కాదు" అన్నాడు.

నా చుట్టూ ఉన్నవాళ్ళు పక్కకి జరిగారు. నిడదవోలు ముసలమ్మ రైల్లో నా భుజం మీద తల ఆన్చి నిద్రపోయింది. ఆవిడ కూడా జరిగింది. సిపాయి నన్ను కొట్టలేదు, తిట్టలేదు. వచ్చిన దారి కర్రతో చూపించాడు.

నేను వాడి దగ్గరికి వెళ్ళి, "ఇలా ప్రమాణం చేయిస్తారని నీకు ముందే తెలుసా?" అన్నాను.

"తెలుసురా. బైరాగులు చెప్పారు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పగలననే అనుకున్నానురా. చెంబు చేతిలోకి వచ్చేదాకా చెప్పగలననే అనుకున్నాను. గంగ కదరా!"

నేను నా దేవుణ్ణి పక్కన పెట్టి అంతదూరం వెళ్ళాను. వాడు చెంబెడు నీళ్ళని పక్కన పెట్టలేకపోయాడు. పోనీ, పెట్టలేకపోయాడు. అందుకు వాణ్ణి ఏదో ఒకనాటికి క్షమించేవాణ్ణేమో. కానీ ఆ తరవాత వాడు వంగి, తన మూట ఎత్తుకుని, గొంగళి భుజాన వేసుకుని, ముసలి దంపతులని వెంటబెట్టుకుని ముందుకి వెళ్ళాడు. నాతో వెనక్కి రాలేదు. అన్నేళ్ళు రాతి మీద గీసుకున్న ఊరు అడవికి అవతల ఉంది మరి. చెట్ల మధ్య కనబడినంతమేరా చూస్తూ నిలబడ్డాను. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

ఒక్కణ్ణీ ఇల్లు చేరాను. మా అమ్మ గుమ్మంలోనే, "చూశావా?" అంది. రానివ్వలేదని చెప్పాను. ఎవరి వల్ల రానివ్వలేదో చెప్పలేకపోయాను. ఆవిడ కాస్త నిరాశపడి, అంతలోనే తేరుకుని, "పోనీలే, ఆ అబ్బాయి వెళ్ళాడుగా. వాడు చూస్తే నువ్వు చూసినట్టే" అంది. నేను కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను.

వాడు కాశీ మీదుగా తిరిగి వచ్చేసరికి ఎండలు ముదిరాయి. రైలు దిగి, ఇంటికైనా వెళ్ళకుండా, మూట నెత్తిన పెట్టుకునే మా వీధిలోకి వచ్చాడు. నేను లోపలి గదిలో పిల్లల పలకలు దిద్దుతున్నాను. లేవలేదు.

"పిన్నీ" అన్నాడు అరుగు మీంచి.

మా అమ్మ తడుముకుంటూ వెళ్ళి వాడి చెయ్యి పట్టుకుంది. వాడు విడిపించుకోలేదు. అన్నేళ్ళలో ఆవిడ వాణ్ణి ముట్టుకోవడం అదే మొదలు. "కనబడ్డాడా నాయనా?"

"కనబడ్డాడు పిన్నీ."

"అన్నం తింటున్నాడా?"

"రెండు పూటలా తింటున్నాడు. మఠంలో వంట వాడిదే. ఒళ్ళు కూడా చేశాడు."

"నా మాటేమైనా అన్నాడా?"

వాడు రెండో చేత్తో నెత్తి మీది మూట దించుకున్నాడు. "అమ్మ కళ్ళు ఎలా ఉన్నాయని అడిగాడు" అన్నాడు.

మా అమ్మ అరుగు మీదే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చాలా ఏళ్ళకి నేను విన్న సంతోషం అది. అప్పుడు కూడా నేను బయటికి రాలేదు. చూడవలసింది నేను, చెప్పవలసింది నేను. నా అన్నని నా బదులు వాడు చూసి వచ్చాడు. ఆ ఆనందం మా అమ్మ వాడి చెయ్యి పట్టుకుని పంచుకుంటోంది.

ఆ తరవాత వాడితో నేను మాట్లాడలేదు. బడికి వెళ్ళే దారి లాకు మీదుగానే. రోజూ వాడు గట్టు మీద ఉండేవాడు. నన్ను చూసి లేచి నిలబడేవాడు. నేను తల తిప్పుకుని వెళ్ళిపోయేవాణ్ణి. ఏమిటో, బైరాగులని ఆపడం కూడా తగ్గించేశాడని అనుకునేవారు. నాకు అక్కరలేకపోయింది.

మా అమ్మ బతికిన ఆ రెండేళ్ళూ హాయిగా బతికింది. చూపు పూర్తిగా పోయింది, అయినా ముద్ద ముందు పెట్టుకుని, "ఈపాటికి వాడూ తింటూంటాడు" అని నవ్వుకునేది. రాత్రి ప్రార్థనలో, పెద్దవాడికి ఆరోగ్యం ఇయ్యమని దేవుణ్ణి అడిగేది. నేను ఆమెన్ అనేవాణ్ణి.

ఆవిడ పోయాక, ఈ కబురు అన్నకి తెలియాలనిపించింది. ఏ మఠమో, ఎవరి పేరున పంపాలో అక్కడికి వెళ్ళి వచ్చిన వాడికే తెలుసు. నా పంతం కంటే అది పెద్దదనుకుని లాకు దగ్గరికి వెళ్ళాను. వాడు లేచి నిలబడ్డాడు.

"అమ్మ పోయిన సంగతి అన్నకి తెలపాలి. ఎక్కడికి పంపాలో చెప్పు" అన్నాను.

వాడు నీళ్ళకేసి చూశాడు. "మీ అన్న లేడురా. నేను మఠానికి వెళ్ళేసరికే లేడు. మనం ఇక్కడ బయలుదేరకముందే, ఆ చలికాలంలోనే పోయాడుట. పడుకున్న చోటు చూపించారు."

నాకు గట్టు కదిలినట్టయింది. "మరి అమ్మతో..."

"ఆవిడతో చెప్పలేకపోయాను. చెయ్యి పట్టుకుందిరా."

"అబద్ధం నీ నోట రాదనుకున్నాను. అక్కడ నాకోసం ఒక్కటి ఆడలేకపోయావు."

వాడు పైపంచె భుజం మీదికి లాక్కున్నాడు.

"అమ్మ సరే. నాకెందుకు చెప్పలేదు? రెండేళ్ళు, చచ్చిపోయిన అన్నకి ఆరోగ్యం ఇయ్యమని దేవుణ్ణి అడిగాను. రోజూ ఈ గట్టు మీదే కదా నడిచాను. రోజూ చూస్తూ నిలబడ్డావు కదా!"

"నువ్వు అడగలేదు కదరా" అన్నాడు మెల్లిగా. "ఇవాళ అడిగావు, చెప్పాను."

నిజమే, నేను అడగలేదు. లాకు తలుపుల అవతల పడవవాళ్ళు కేకలు వేస్తున్నారు. వాడు కదల్లేదు, నేనే వచ్చేశాను. మా అమ్మ మీద వాడికి ప్రేమ ఉండేది, అందుకే ఆవిడతో అబద్ధమాడాడు. నాతో మాత్రం వాడు ఎప్పుడూ నిజమే చెప్పాడు.